పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా? హెపటైటిస్ ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హెపటైటిస్ మీదే. అన్నీ వరసపెట్టి చదివితే ఒకటి అర్థమైంది. డాక్టర్ ఒక భాషలో చెబుతున్నారు, వినేవాళ్ళది ఇంకో భాష, ఇంట్లోవాళ్ళకి చెప్పేసరికి అది మూడో రకంగా మారిపోతోంది. పరీక్ష చేయించుకుని, రిపోర్టు చేతిలో పెట్టుకుని కూడా తమకేం ఉందో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారా అని బాధేసింది. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: ఉద్యోగం కోసం చేయించుకున్న హెల్త్ చెకప్‌లో నాకు హెపటైటిస్ బి ఉందన్నారు. ఇక్కడి డాక్టర్‌కి నా భాష రాదు, నాకు ఆయన భాష అంతంతమాత్రం. ఫోన్ చేసి చెబితే అమ్మ, "హెపటైటిస్ అంటే కామెర్లే కదరా, నీ కళ్ళు పచ్చగా లేవుగా, ఎక్కడో పొరపాటు పడ్డారు" అంటోంది. నాకూ ఒంట్లో బాగానే ఉంది. మళ్ళీ వెళ్ళాలంటారా?

జవాబు: వెళ్ళండి, ఈ వారంలోనే వెళ్ళండి. అమ్మగారిని తప్పు పట్టలేం, కామెర్లకీ హెపటైటిస్‌కీ ఒకటే మాట వాడే అలవాటు చాలా భాషల్లో ఉంది. కానీ కామెర్లనేవి ఒక లక్షణం మాత్రమే. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కళ్ళు పచ్చబడతాయి, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా పచ్చబడతాయి, ఎర్ర రక్తకణాలు మరీ ఎక్కువగా విరిగిపోయినా, ఏదో మందు కాలేయానికి పడకపోయినా పచ్చబడతాయి. హెపటైటిస్ అంటే కాలేయంలో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి మంట) వచ్చి కణాలు దెబ్బతినడం, గ్రీకులో కాలేయాన్ని హెపార్ అంటారు, అక్కడి నుంచి వచ్చిన పేరు ఇది. దీన్ని "కాలేయ వాపు" అని అనువదించినా ఇంకో చిక్కు వస్తుంది, కడుపు తడిమి చూసుకుని వాపేమీ లేదు కదా అని ఊరుకున్నవాళ్ళని నేను చూశాను.

అసలు సంగతేమిటంటే, బి గానీ సి గానీ ఒంట్లో చేరాక ఇరవై ముప్పై ఏళ్ళు చడీచప్పుడు లేకుండా ఉండిపోగలవు. మనిషి తింటాడు, తిరుగుతాడు, పనిచేస్తాడు, లోపల కాలేయం మాత్రం మెల్లగా గట్టిపడుతూ సిర్రోసిస్ దాకా, కొందరిలో క్యాన్సర్ దాకా పోతుంది. ఈ దీర్ఘకాలపు జబ్బులో కళ్ళు పచ్చబడేదాకా ఆగితే చాలాసార్లు పరిస్థితి చేయి దాటిపోయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022కి వేసిన లెక్క ప్రకారం దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు 25.4 కోట్ల మంది, వాళ్ళలో తమకు ఉందని పరీక్షలో తేలినవాళ్ళు 13 శాతమే. మీరు ఆ 13 శాతంలోకి వచ్చారంటే నిజానికి అదృష్టమే.

ఇంకొకటి, హెపటైటిస్ పక్కన ఉన్న అక్షరాన్ని వదిలేయకండి. ఎ, ఇ కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి, మామూలుగా కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, అయితే నెలలు నిండుతున్న గర్భిణికి ఇ చాలా ప్రమాదం. బి, సి, డి రక్తం ద్వారా వస్తాయి, బి శారీరక సంబంధం ద్వారానూ, కాన్పులో తల్లి నుంచి బిడ్డకూ వస్తుంది. డి ఒంటరిగా రాలేదు, బి ఉన్నవాళ్ళనే పట్టుకుంటుంది. "నాకూ హెపటైటిస్ వచ్చింది, నెలరోజుల్లో పోయింది" అని మీ స్నేహితుడెవరైనా ధైర్యం చెబితే, ఆయన అక్షరం వేరు, మీ అక్షరం వేరు అయి ఉండొచ్చు.

వెళ్ళినప్పుడు ఇవి అడగండి: ఇది కొత్తగా వచ్చిందా, పాతదా, వైరస్ డీఎన్‌ఏ ఎంత ఉంది, కాలేయం ఎంతవరకు గట్టిపడింది, డి కోసం పరీక్ష చేశారా. రక్తంలో వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ అనే పరీక్ష ఆరు నెలలు దాటినా పాజిటివ్‌గానే ఉంటే దీర్ఘకాలికం అంటారు. అందరికీ మందులు అవసరం పడవు, కానీ క్రమం తప్పకుండా చూపించుకోవడం మాత్రం అందరికీ అవసరమే. పుట్టుకతోనో, చిన్నతనంలోనో సోకి ఉండే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే పసితనంలో సోకితే 90 శాతానికి పైగా పిల్లల్లో అది నిలిచిపోతుంది, పెద్దయ్యాక సోకితే నిలిచేది 5 శాతం లోపు మందిలోనే. కాబట్టి ఎవరైనా దీన్ని మీ నడవడికతో ముడిపెట్టి మాట్లాడితే ఆ లెక్క చెప్పండి. అమ్మగారికీ, తోబుట్టువులకీ పరీక్ష చేయించడం మర్చిపోకండి.

ప్రశ్న: మా ఆవిడ రిపోర్టులో ఒక లైను పాజిటివ్, ఒక లైను నెగటివ్ అని వచ్చింది. ల్యాబ్‌లో అడిగితే ఏదో చెప్పారు గానీ వాళ్ళ భాష మాకు సరిగా అర్థం కాలేదు. పాజిటివ్ అనే మాట చూసిన దగ్గర్నుంచి ఆమె పాపను దగ్గరికి తీసుకోవడం లేదు, రెండు రాత్రులుగా వేరే గదిలో పడుకుంటోంది. రిపోర్టు కాపీ జతచేస్తున్నాను.

జవాబు: ముందు ఆవిణ్ణి పాప దగ్గరికి పంపించండి, మిగతాది తర్వాత చదవండి.

మీరు పంపిన కాగితంలో మొదటి లైను హెచ్‌బీఎస్ఏజీ, నెగటివ్. అది వైరస్ పైపొరలో ఉండే పదార్థం, అది లేదంటే ఆమె రక్తంలో హెపటైటిస్ బి కనిపించలేదన్నమాట. రెండో లైను యాంటీ-హెచ్‌బీఎస్, పాజిటివ్. అది వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన రక్షణ, ఉండాల్సిందే, ఉంటే సంతోషించాల్సిందే. రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉంటాయి, ముందు "యాంటీ" అన్న చిన్న ముక్క అర్థాన్ని మొత్తం తిప్పేస్తుంది. పాజిటివ్ అంటే ఆ పరీక్ష వెతికిన వస్తువు దొరికింది అని మాత్రమే. దొరికింది దొంగా, పోలీసా అన్నది పరీక్ష పేరు చూస్తేనే తెలుస్తుంది.

యాంటీ-హెచ్‌బీసీ అని మూడో పరీక్ష ఉంటుంది, అది మీ రిపోర్టులో లేదు, అడిగి చేయించండి. అది నెగటివ్ అయితే ఆమెకు ఆ రక్షణ టీకాతో వచ్చింది. పాజిటివ్ అయితే ఎప్పుడో వైరస్ సోకి, ఒళ్ళే దాన్ని అణిచేసింది. రెండో సందర్భంలో ఒక జాగ్రత్త ఉంది, ముందుముందు ఎప్పుడైనా క్యాన్సర్ మందులో, ఇమ్యూనిటీని తగ్గించే మందులో వాడాల్సి వస్తే ఈ సంగతి ఆ డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఎందుకంటే అణిగి ఉన్న వైరస్ అప్పుడు మళ్ళీ లేవొచ్చు. అంతకుమించి ఇప్పుడు భయపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: నాకు 15 ఏళ్ళు. మా అమ్మకి హెపటైటిస్ బి. అమ్మకి ఇక్కడి భాష రాదు కాబట్టి ప్రతిసారీ నేనే స్కూల్ మానేసి హాస్పిటల్‌కి వెళ్ళి డాక్టర్ చెప్పింది అమ్మకి చెబుతాను. కొన్ని మాటలు నాకూ తెలియవు. కొన్ని తెలిసినా చెప్పాలంటే భయమేస్తుంది, అమ్మ ఏడుస్తుందని. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదు తల్లీ, నువ్వేం తప్పు చేయలేదు. నీ మీద మోయలేనంత బరువు పెట్టారు, పెద్దవాళ్ళం మేము చేసిన తప్పు అది.

నేను కొత్తగా డాక్టర్‌నైన రోజుల్లో జరిగింది చెబుతాను. ఒకావిడ, పక్కన పన్నెండేళ్ళ కొడుకు. నేను చెబుతూ పోయాను, వాడు తల్లికి చెబుతూ పోయాడు, చెబుతున్నంతసేపూ రిపోర్టు కాగితం మూల మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూనే ఉన్నాడు. కాలేయ క్యాన్సర్ ముందుగా పట్టుకోవడానికి ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించాలి అని నేను అంతసేపు చెబితే, వాడు రెండే రెండు ముక్కలు అన్నాడు. ఆవిడ నవ్వి తలూపింది, నేను సరే అనుకున్నాను. ఆవిడ మళ్ళీ వచ్చింది రెండేళ్ళ తర్వాత. ఈసారి దుబాసీ (ఇంటర్‌ప్రెటర్) ద్వారా అడిగితే తెలిసింది, ఆ రోజు వాడు తల్లితో అన్నది "వీలైనప్పుడు రమ్మంటున్నారు" అని. క్యాన్సర్ అనే మాట అమ్మతో అనలేకపోయాడు పాపం. అంత పొడుగు మాటకి అంత చిన్న జవాబు ఎలా వచ్చిందని నాకు ఆ క్షణంలోనే అనుమానం రావాలి. రాలేదు. ఆ కాగితం మూల ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

అందుకని, ఈసారి వెళ్ళినప్పుడు రిసెప్షన్‌లోనే "మా అమ్మకి ఇంటర్‌ప్రెటర్ కావాలి, అమ్మ భాష ఫలానా" అని చెప్పు. భాష పేరు స్పష్టంగా చెప్పాలి, ఒకే దేశంలో పది భాషలుంటాయి. మనిషి లేకపోతే ఫోన్‌లోనో వీడియోలోనో ఇప్పించమని అడుగు. అమెరికాలోనైతే ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు అత్యవసరంలో తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని 2016 నుంచి నిబంధనే ఉంది. దుబాసీ పని నేర్చుకున్నవాళ్ళు ఒక్క ముక్క తగ్గించరు, ఒక్క ముక్క కలపరు, విన్నది బయట చెప్పరు. అమ్మకి నీ ముందు అడగలేని ప్రశ్నలు కూడా ఉంటాయమ్మా, శారీరక సంబంధం గురించి, పాత విషయాల గురించి, అవి ఆవిడ వేరే మనిషి ద్వారానే అడగగలుగుతుంది. నువ్వు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకో, చాలు. ఇంకొకటి, నీకూ పరీక్ష, టీకా అయ్యాయో లేదో ఆ రోజే అడుగు.

ప్రశ్న: నాకు హెపటైటిస్ సి ఉండేది. 12 వారాలు మాత్రలు వేసుకున్నాను, తగ్గిపోయిందన్నారు. ఇప్పుడు వేరే చోట రక్తపరీక్షలో మళ్ళీ సి పాజిటివ్ అంటున్నారు. ఎవరు నిజం చెబుతున్నారు?

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మీకు రెండో చోట చేసింది యాంటీ-హెచ్‌సీవీ పరీక్ష అయి ఉంటుంది. అది ఒకప్పుడు వైరస్ వచ్చిందని చెప్పే గుర్తు, వైరస్ పోయినా ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. మందులు ఆపేశాక 12 వారాలకి ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే నయమైనట్టే. ఆ కాగితం మీ దగ్గరుంటే ఎక్కడికెళ్ళినా వెంట తీసుకెళ్ళండి, లేకపోతే ఆర్‌ఎన్‌ఏ ఒకసారి చేయించుకోండి, ఎందుకంటే ఒకసారి నయమైనా సి మళ్ళీ సోకగలదు, దానికి టీకా లేదు.

ఇక్కడ "నయం" అన్న మాట గురించి ఒకటి చెప్పాలి. సి విషయంలో అది నిజంగా నయమే, ఇప్పటి మాత్రలతో 95 శాతానికి పైగా మందికి వైరస్ పూర్తిగా పోతోంది. 1989 దాకా ఈ వైరస్‌కి పేరే లేదు, ఎ కాదు, బి కాదు అనే అర్థంలో "నాన్-ఎ, నాన్-బి" అనేవాళ్ళు, ఏమిటో తెలియని జబ్బు నుంచి మాత్రలతో నయమయ్యే జబ్బు దాకా పాతికేళ్ళలో వచ్చింది. ఈ వైరస్‌ను కనిపెట్టినందుకే హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ వచ్చింది. బి సంగతి వేరు. బి మాత్రలు వేసుకునేవాళ్ళకి "వైరస్ కనిపించడం లేదు" అంటే మందు వైరస్‌ను అణిచి ఉంచిందని అర్థం, చాలామంది దాన్ని తగ్గిపోయిందని అనువదించుకుని మాత్రలు ఆపేస్తారు. అలా చెప్పాపెట్టకుండా ఆపితే జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టి కాలేయం ప్రమాదంలో పడొచ్చు. దయచేసి డాక్టర్‌ని అడగకుండా ఆ పని చేయకండి.

ప్రశ్న: మా వదినకి హెపటైటిస్ బి, ఇప్పుడు ఏడో నెల. పుట్టిన రోజే బిడ్డకి సూది వేస్తామంటున్నారు. అంత పసిగుడ్డుకి ఎందుకని అన్నయ్య ఒప్పుకోవడం లేదు. పాలు కూడా ఇవ్వకూడదని ఎవరో చెప్పారట.

జవాబు: అన్నయ్యగారికి ఈ ఒక్క సంగతి వాళ్ళ భాషలో, మెల్లగా, కూర్చోబెట్టి చెప్పండి: ఆ సూది హెపటైటిస్ బి టీకా, దానికి గడువు పుట్టాక 24 గంటలు. కాన్పు సమయంలో బిడ్డకి తల్లి రక్తం తగులుతుంది, వైరస్ పట్టు బిగించకముందే టీకా పనిచేయడం మొదలుపెట్టాలి. "త్వరలో వేయించండి" అని అనువదిస్తే అది వారమూ కావచ్చు, నెలా కావచ్చు, అందుకే గంటల్లో చెప్పండి. తల్లికి బి ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే రెండో ఇంజెక్షన్ కూడా ఇస్తారు, అది ఇంకో తొడకి వేస్తారు, రెండు సూదులు చూసి కంగారు పడొద్దు. ఆ తర్వాతి డోసులు కూడా లెక్క ప్రకారం పూర్తి చేయించాలి, తొమ్మిది నెలలు దాటాక బిడ్డకి రక్తపరీక్ష చేయించాలి. వదినగారి వైరస్ డీఎన్‌ఏ ఎంతుందో ఇప్పుడే చూపించండి, బాగా ఎక్కువుంటే కాన్పుకి ముందు నెలల్లోనే వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ అనే మందు ఇస్తారు, ఏడో నెల అంటున్నారు కాబట్టి రేపు మాపు అనకండి. పాలు ఇవ్వొచ్చు, నిశ్చింతగా ఇవ్వమనండి.

ప్రశ్న: బి ఉన్నవాళ్ళతో కలిసి ఒకే కంచంలో తినొచ్చా?

జవాబు: తినొచ్చు, కౌగిలించుకోవచ్చు, ఒకే గ్లాసు వాడొచ్చు. రేజర్, టూత్ బ్రష్, గోళ్ళు తీసుకునే కత్తెర మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండాలి. ఈ వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది, ఎండిన రక్తపు మరకని కూడా తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో మిగతావాళ్ళు పరీక్ష చేయించుకుని టీకా వేయించుకుంటే ఈ ప్రశ్నే ఉండదు.

ప్రశ్న: మా స్వచ్ఛంద బృందం హెపటైటిస్ కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి నాలుగు భాషల్లోకి మార్చాలనుకుంటోంది. భాష బాగా వచ్చినవాళ్ళు ఉన్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: భాష బాగా వచ్చినవాళ్ళు ఉండటం మంచిదే, కానీ అసలు పరీక్ష పెట్టాల్సింది భాష అంతగా రానివాళ్ళ దగ్గర. ముసాయిదా అయ్యాక ఇంగ్లీషు ప్రతిని చూడని ఒకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్పించండి, ఎక్కడ దారి తప్పిందో అక్కడే బయటపడుతుంది. తర్వాత ఆ భాష మాట్లాడే ఐదారుగురు మామూలు మనుషులకి చదివి వినిపించి "అర్థమైందా" అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. "ఇది మీ చెల్లెలికి ఎలా చెబుతారు" అని అడగండి. వాళ్ళు చెప్పే మాటల్లోనే మీకు కావాల్సిన మాటలు దొరుకుతాయి.

క్యారియర్ అన్న మాట నన్నడిగితే ఏ భాషలోనూ వద్దు. మోసుకు తిరిగేవాడు అన్న అర్థం వచ్చి, జబ్బు పంచేవాడిలా వినబడుతుంది, పైగా తనకేం జబ్బు లేదన్న భ్రమ కూడా కలిగిస్తుంది. "హెపటైటిస్ బి ఉన్న వ్యక్తి" అంటే సరిపోతుంది. "రక్తంతో కలిగే సంపర్కం" లాంటి పుస్తకాల మాటలు పక్కన పెట్టి, ఒకరు వాడిన సూది, బ్లేడు, శుభ్రం చేయని పచ్చబొట్టు సూది అని వస్తువుల పేర్లే రాయండి. లైంగిక సంబంధం దగ్గర సిగ్గుపడి చుట్టుతిప్పి రాస్తే చదివేవాళ్ళకి అది ముద్దో, చెయ్యి కలపడమో అనిపిస్తుంది.

మందు మోతాదులు అక్షరాల్లో కాకుండా గడియారం బొమ్మతో, అంకెలతో చూపించండి. దీనికి కారణం ఉంది. ఇంగ్లీషులో రోజుకు ఒకసారి అనడానికి వాడే "వన్స్" (once) అనే మాటను అదే స్పెల్లింగ్‌తో స్పానిష్‌లో చదివితే పదకొండు అని అర్థం. సగం ఇంగ్లీషు, సగం స్పానిష్ ఉన్న లేబుల్ చేతిలో పడిన మనిషిని ఊహించుకోండి. ఎంటెకావిర్ లాంటి బి మందును రోజుకు ఒకసారి, తిన్నాక రెండు గంటలకి, మళ్ళీ తినడానికి రెండు గంటల ముందు వేసుకోవాలి, ఇది ఒక వాక్యంలో రాస్తే నాకే రెండుసార్లు చదవాల్సి వస్తుంది. నిండిన కంచం, ఖాళీ కంచం, గడియారం, మూడు బొమ్మలు చాలు. చదవడం రానివాళ్ళ కోసం అదంతా ఆడియోలో కూడా పెట్టండి, ఆ భాష మాట్లాడే మామూలు మనిషి గొంతుతో.

కొత్తగా రాసే ముందు ఉన్నవి ఒకసారి చూడండి, అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళ మెడ్‌లైన్‌ప్లస్‌లో హెపటైటిస్ సమాచారం చాలా భాషల్లో ఉచితంగా ఉంటుంది. కాగితం మీద రెండు భాషలూ పక్కపక్కనే ఉండేలా వేస్తే మంచిది, రోగి ఒకవైపు చదువుకుంటారు, డాక్టర్ రెండోవైపు వేలు పెట్టి చూపిస్తారు.

ప్రశ్న: మా చోట ఇంటర్‌ప్రెటర్ దొరకడం కష్టం. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ యాప్ పెట్టుకుని నెట్టుకురావచ్చా?

జవాబు: అపాయింట్‌మెంట్ ఎప్పుడు, ల్యాబ్ ఎటువైపు లాంటివాటికి హాయిగా వాడండి. జబ్బు పేరు, మోతాదు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ సంతకం, ఈ మూడింటికి మాత్రం దాన్ని నమ్ముకోకండి, ఆలస్యమైనా ఫోన్‌లో మనిషిని పెట్టమని అడగండి. గత్యంతరం లేక వాడాల్సి వస్తే చిన్న చిన్న వాక్యాలు చెప్పండి, వచ్చిన అనువాదాన్ని తిరిగి మీ భాషలోకి మార్చి చూడండి. పరీక్షల పేర్లు, మందుల పేర్లు అనువదించొద్దు, రిపోర్టు మీద ఎలా ఉన్నాయో అలాగే రాసుకోండి. పర్సులో ఒక చిన్న కాగితం పెట్టుకోండి: మీ భాష పేరు, హెపటైటిస్ ఏ అక్షరం, చివరి పరీక్ష తేదీ, వాడుతున్న మందులన్నీ, అందులో మూలికల మందులు, నొప్పి మాత్రలు కూడా ఉండాలి, ఎందుకంటే సి మాత్రలు కొన్ని గుండె మందులతో, చివరికి మామూలు అసిడిటీ మందులతో కూడా పడవు. బయటికొచ్చే ముందు, డాక్టర్ చెప్పింది మీకు ఎలా అర్థమైందో ఆయనకే తిరిగి చెప్పండి, తేడా ఉంటే ఆయన అక్కడే సరిదిద్దుతారు.